ఊళ్లో ఉండకుండా ఇల్లు కట్టించడం: నల్లరేగడి నేల, 200 గజాలు, నెలకో రాక

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరు శివార్లలో 30 అడుగులు బై 60 అడుగుల స్థలం, నల్లరేగడి, కిందా పైనా రెండు అంతస్తులు వేయాలి. మీది బెంగళూరులో ఉద్యోగం, నెలకోసారి తప్ప రాలేరు, సైట్ దగ్గర ఉండేది రిటైరైన నాన్నగారు ఒక్కరే. మొదటి నుంచి చివరిదాకా పని ఎలా నడిపించాలి, ఎక్కడ దెబ్బతింటాం అని అడిగారు. నేను 24 ఏళ్లుగా గుంటూరు, తెనాలి, నరసరావుపేట చుట్టుపక్కల ఇళ్లు కట్టిస్తున్నాను, మొదట సూపర్‌వైజర్‌గా, తర్వాత సొంతంగా. అంటే మీకు ఎవరి మీద అనుమానమో ఆ పక్షం మనిషినే, కాబట్టి లోపలి సంగతులే చెబుతాను.

మీరు రోజూ సైట్ దగ్గర ఉండలేకపోవడం పెద్ద సమస్యేమీ కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి ఇటుకకీ మేస్త్రీతో గొడవపడి, చివరికి కారే బాత్రూమూ, తలకి తగిలే మెట్లూ కట్టించుకున్నవాళ్లని చాలామందిని చూశాను. యజమాని చేతిలో నిజంగా ఉండేవి రెండే, నిర్ణయాలు, డబ్బు. నిర్ణయం పనికంటే ఒక మెట్టు ముందుండాలి, డబ్బు పనికంటే ఒక మెట్టు వెనకుండాలి. చెడిపోయిన సైట్ ఏది చూసినా ఈ రెండూ తిరగబడి ఉంటాయి: ప్లింత్ (ఇంటి అరుగు మట్టం) కూడా లేవకముందే సగం డబ్బు వెళ్లిపోయి ఉంటుంది, వాష్‌బేసిన్ ఎక్కడో మాత్రం గోడ లేచాక ఆలోచిస్తుంటారు. ఈ రెండూ బెంగళూరులో కూర్చుని కూడా చేయొచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలో పంచాంగం కంటే నేల బాగా చెబుతుంది. నల్లరేగడిలో ఆగస్టు, అక్టోబరు మధ్య గోతులు తీస్తే ఒక్క గట్టి వాన చాలు, పక్కలు జారి గొయ్యి చెరువైపోతుంది. నీళ్లు తోడించి, మెత్తబడిన అడుగు తీయించి, మళ్లీ లోతుకెళ్లాలి, ఆ లోతుకి అదనంగా కాంక్రీటు, అదనంగా బిల్లు. కార్తీకం వెళ్లాక డిసెంబరులో తవ్వకం పెట్టుకోండి. సంక్రాంతికి పది రోజులు సైట్‌లో మనిషి ఉండడు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన వాళ్లయితే ఇంకో నాలుగు రోజులు కలుపుకోండి. ఫిబ్రవరి, మార్చిల్లో మిర్చి కోతలకి కూలి రేటు పెరిగి మన సైట్‌లో ఇసుక మోసే ఆడకూలీలు అటు వెళ్లిపోతారు. మేస్త్రీ "మనుషులు దొరకడం లేదండీ" అంటే ఆ రెండు నెలలు నమ్మండి, అబద్ధం కాదు. ఫిబ్రవరి ఆఖరికి కింది స్లాబ్, ఏప్రిల్‌లో పై స్లాబ్ పడితే వానాకాలమంతా లోపలి పనులు చేసుకోవచ్చు. మొత్తం పది, పదకొండు నెలలు. ఆరు నెలల్లో తాళాలు ఇస్తానన్నవాడు ఎక్కడ నాణ్యత కోసేస్తాడో ముందే అడగండి.

ఇక నేల సంగతి. గుంటూరులో ఎవరినడిగినా "ఆరడుగులు తీస్తే చాలండీ, మా బావమరిది ఇంటికి అంతే తీశారు" అంటారు. బావమరిది స్థలం వేరు, మీది వేరు. రెండు వీధుల తేడాలో రేగడి నాలుగడుగుల నుంచి పన్నెండడుగులకి మారిన చోట్లు చూశాను. సాయిల్ టెస్ట్ చేయించండి, మొత్తం ఖర్చులో అది ఏ మూలకీ రాదు. రిపోర్టులో రెండు అంకెలు చూడండి. ఒకటి నేల మోయగల బరువు, రెండోది ఫ్రీ స్వెల్ ఇండెక్స్. ఈ రెండోది చాలా తేలికైన పరీక్ష. జల్లించిన పొడి మట్టి పదేసి గ్రాములు రెండు గాజు గొట్టాల్లో పోస్తారు, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్, 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో దానికంటే ఎంత ఎక్కువ ఉబ్బిందో శాతంలో చెబుతారు. 50 దాటితే ఆలోచించాలి, 100 దాటితే మామూలు ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మ) గురించి మాట్లాడకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన అండర్ రీమ్డ్ పైల్స్ చెప్పొచ్చు. అంటే సన్నటి గొయ్యి లోతుగా తొలిచి అడుగున గొట్టానికి రెండున్నర రెట్ల వెడల్పుతో ఉల్లిపాయలా ఉబ్బెత్తు చేసి కాంక్రీటు పోయడం. రేగడి లోతుగా ఉన్నచోట మూడున్నర మీటర్ల దాకా వెళ్తారు, ఎందుకంటే వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే ఆట పైపొరల్లోనే జరుగుతుంది, ఉబ్బెత్తు దాని కిందికి పోవాలి. ఈ పద్ధతిలో ప్లింత్ బీమ్ నేలని తాకకూడదు, కింద మూడు అంగుళాల పైచిలుకు ఖాళీ వదలాలి, లేకపోతే మట్టి ఉబ్బి బీమ్‌ని పైకి తోస్తుంది. ఆ ఖాళీ చూసి మేస్త్రీ "ఇదేంటండీ పిల్లి దూరేలా వదిలేశారు" అని కాంక్రీటుతో నింపేయబోతాడు, నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో మాట. తవ్విన నల్లమట్టినే ప్లింత్ లోపల నింపేయడం మా వైపు చాలా మామూలు. ట్రాక్టరు ఖర్చు మిగులుతుంది కదా. రెండు వానాకాలాలు తిరిగేసరికి హాల్లో టైల్స్ మధ్యలో పొంగుతాయి, అప్పుడు టైల్స్ వేసినవాణ్ణి తిడతారు. నింపేది గ్రావెల్ గానీ బుసక (సన్న ఇసుక మట్టి) గానీ అయ్యుండాలి, అరడుగు పొరలుగా నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. నల్లమట్టి సైట్ దాటి బయటికి వెళ్లిందని ఫోటో వచ్చాకే తవ్వకం డబ్బులు ఇవ్వండి.

కాగితాలు త్వరగా ముగిస్తాను. ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) లాయరు చూశాక, లైసెన్సు ఉన్న ఇంజినీరు ద్వారా ఆన్‌లైన్‌లో ప్లాన్ అప్రూవల్, ఆ కాపీ లేకుండా పార పెట్టొద్దు. బ్యాంకు లోను కూడా దాని మీదే వస్తుంది, దశలవారీగానే వదులుతారు. కట్టే ఖర్చు మీద 1 శాతం లేబర్ సెస్ ఉంటుంది, లెక్కలో వేసుకోండి. అప్రూవైన ప్లాన్‌లో వదలమన్న ఖాళీని మేస్త్రీ మాట విని అడుగు మింగేస్తే చివర్లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరొచ్చని ఇచ్చే పత్రం) దగ్గర ఆ అడుగు మిమ్మల్ని మింగుతుంది. ఇంకో చిన్న సంగతి, బోరు ముందే వేయించండి. ప్రహరీ కట్టాక బోరు లారీ లోపలికి రాలేక గోడ పగలగొట్టిన సైట్లు నాకే రెండు తగిలాయి. బోరు పడగానే నీళ్లు టెస్టుకి పంపండి. మా వైపు ఉప్పు నీళ్లు ఎక్కువ. ఐరన్ రాడ్లు ఉన్న కాంక్రీటుకి లీటరు నీళ్లలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం) చెబుతుంది. దాటితే కాంక్రీటుకి, క్యూరింగ్‌కి (పోసిన కాంక్రీటుని తడిపి ఉంచడానికి) ట్యాంకర్ నీళ్లే గతి, లేకపోతే గోడలకి ఉప్పు తేలి రంగులన్నీ పొలుసులు రాలతాయి. పక్కింటి గోడ బీటలుంటే తవ్వకానికి ముందే ఆ ఇంటివాళ్లని నిలబెట్టి ఫోటోలు తీసుకోండి, తర్వాత "మీ తవ్వకం వల్లే" అన్న తగాదా రాదు.

వాస్తు. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ సిద్ధాంతి ఒక్కరే ఉండాలి, ఆయన మాట్లాడాల్సింది ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే. మెట్లకి స్తంభాలు లేచాక ఎవరో పెద్దమ్మగారు ఇంకో ఆయన్ని తీసుకొస్తారు, ఆయన మెట్లు అటు తిప్పమంటారు. తిప్పితే బీమ్ మారుతుంది, బీమ్ మారితే పునాది లెక్క మారుతుంది, అది అప్పటికే నేలలో ఉంది. ప్లాన్ ఫైనల్ చేసే రోజు ఇంట్లో మాట చెల్లే వాళ్లందరినీ కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకోండి. నవ్వకండి, నిజంగానే పెట్టించుకోండి.

డ్రాయింగ్‌ల దగ్గర జనం చేసే తప్పు ఏంటంటే, రంగురంగుల ఎలివేషన్ బొమ్మకి సంతోషంగా డబ్బిచ్చి స్ట్రక్చరల్ డ్రాయింగ్ మేస్త్రీ బుర్రకి వదిలేస్తారు. ప్రతి స్తంభానికీ ఎన్ని రాడ్లు, ఏ సైజు, రింగులు ఎంత దూరం, ఏ బీమ్‌లో పైన ఎన్ని కింద ఎన్ని, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. దాంతో పాటు కరెంటు పాయింట్ల డ్రాయింగ్, నీళ్ల పైపుల డ్రాయింగ్. మంచం ఎటు, టీవీ ఎటు, ఫ్రిజ్ ఎటు, వాషింగ్ మెషీన్ ఎటు అని ఒక శనివారం మీరూ మీ ఆవిడా కూర్చుంటే తేలిపోయే పని. తర్వాత తేల్చుకుందామంటే ప్లాస్టరింగ్ అయిన గోడల్లో గాడులు కొట్టాలి.

ఇప్పుడు డబ్బు. అంతస్తుకి 1,200 చొప్పున మొత్తం 2,400 చదరపు అడుగులనుకుంటే, చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు, దాదాపు 4 కిలోల స్టీలు అన్నది మా మోటు లెక్క. అంటే 960 బస్తాలు, తొమ్మిదిన్నర టన్నులు. పైల్స్ వేస్తే పెరుగుతుంది. ఈ లెక్క పక్కాదేం కాదు, కానీ స్టీలు 14 టన్నులైందని ఎవరైనా బిల్లు చూపిస్తే నిలబెట్టి అడగడానికి చాలు. రేట్లు నేను చెప్పను, మీ ఊళ్లో ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి, 2025 సెప్టెంబరులో సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత కొటేషన్లు చూసి బేరం ఆడొద్దు. ఇంకోటి, రెండు స్లాబులు పడగానే ఇల్లు ముప్పావు అయిపోయినట్టు కనపడుతుంది. ఖర్చులో అప్పటికి సగం కూడా కాదు. తలుపులు, టైల్స్, కరెంటు, రంగులు, కిచెన్, ప్రహరీ, గేటు ఇవన్నీ వెనకాల వరుసలో నిలబడి ఉంటాయి.

మొత్తం మెటీరియల్‌తో సహా ఒకరికే అప్పగించాలా, లేబర్ మాత్రమే ఇచ్చి సరుకు మనం కొనాలా? మీ పరిస్థితికి నేనైతే లేబర్ కాంట్రాక్టే చెబుతాను, సిమెంటు, స్టీలు, వైర్లు, పైపులు మీ పేరున బిల్లుతో మీరే కొనండి. డబ్బు బెంగళూరు నుంచి నేరుగా షాపుకి పంపొచ్చు, నాన్నగారు సరుకు దించుకుంటే చాలు. ఇసుక, కంకర, ఇటుక కూడా మీరే, కాకపోతే ఒకే సప్లయర్ దగ్గర. ఇసుక 2024 జులై నుంచి మన రాష్ట్రంలో ఉచితం, కానీ లోడింగ్, రవాణా మనవే, మోసం జరిగేది ట్రాక్టరు కొలతలోనే. తడి ఇసుక పావు వంతు దాకా ఉబ్బి కనపడుతుంది, ట్రక్కు నిండుగా ఉంది కదా అనుకుంటాం. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు మొదటి రోజే టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి, తర్వాత ఆ తొట్టి తప్ప వేరేది వస్తే ఆపి కొలవండి.

అగ్రిమెంటులో "చదరపు అడుగుకి ఇంత" అని ఒక్క వాక్యం రాసుకుని చేతులు కలుపుకుంటారు, గొడవంతా అక్కడే. ఏ చదరపు అడుగు? స్లాబ్ కొలతా, గోడల లోపలి కొలతా? బాల్కనీ పూర్తిగానా సగమా? సజ్జలు కలుస్తాయా? మెట్ల గది పైకప్పు? సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, ప్రహరీ రేటులోనే ఉన్నాయా, విడిగా కడతారా? సెంట్రింగ్ సామాను (స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే రేకులు, కర్రలు) ఎవరిది, మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) అద్దె ఎవరిది, వైబ్రేటర్‌కి (కాంక్రీటుని కుదించే యంత్రం) డీజిల్ ఎవరు పోయించాలి, స్లాబ్ రోజు జట్టుకి భోజనం ఎవరు పెట్టాలి? క్యూరింగ్ నీళ్లు కొట్టేది ఎవరు? ఇది నూటికి తొంభై అగ్రిమెంట్లలో ఉండదు, కాబట్టి ఎవరూ కొట్టరు. ఇవన్నీ తెలుగులో, మేస్త్రీకి చదివి వినిపించి, స్టాంపు పేపరు మీద రాయండి. మంచి మేస్త్రీ దీనికి నొచ్చుకోడు, అతనికి కూడా చివర్లో గొడవ అక్కర్లేదు.

చెల్లింపు నేను ఇలా విడగొడతాను: ప్లింత్ బీమ్ అయ్యాక 15 శాతం, కింది స్లాబ్ పడ్డాక 20, పై స్లాబ్ పడ్డాక 20, గోడలు అయ్యాక 15, ప్లాస్టరింగ్ అయ్యాక 15, ఫ్లోరింగ్, మెట్లు, బయటి పనులు అయ్యాక 10, ఆఖరి 5 తాళాలు ఇచ్చాక ఒక వానాకాలం చూసి. దీనికి మేస్త్రీ "మరి శనివారం ఖర్చుకి?" అంటాడు, అది న్యాయమైన ప్రశ్న. కూలీలకి ప్రతి శనివారం చేతిలో డబ్బు పడాలి, లేకపోతే సోమవారం మనిషి రాడు. అందుకని దశ డబ్బులోంచే వారానికి ఇంత అని ఖర్చుకి ఇస్తూ, దశ పూర్తయ్యాక మిగతాది సెటిల్ చేయండి, కానీ దశ డబ్బులో నాలుగింట మూడు వంతులకి మించి ఖర్చు కింద వెళ్లిపోకూడదు. మేస్త్రీ వేరే సైట్‌లో ఇరుక్కుని మీ డబ్బుతో అక్కడ కూలి ఇస్తుంటే ఆ లెక్కలోనే మీకు తెలిసిపోతుంది, పని జరగకుండా ఖర్చు పెరుగుతుంది. మేస్త్రీ చెడ్డవాడని కాదు, నాలుగు సైట్ల డబ్బు ఒకే జేబులో తిరుగుతుంటుంది.

నాన్నగారికి ఒక 200 పేజీల రూళ్ల పుస్తకం కొనివ్వండి. రోజుకి ఐదు నిమిషాల పని: ఎంతమంది వచ్చారు, ఏం పని జరిగింది, ఏ సరుకు దిగింది, సిమెంటు పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని. సాయంత్రం ఆ పేజీ ఫోటో తీసి మీకు వాట్సాప్ పెట్టాలి. సిమెంటుకి నిండు బస్తాలే కాదు, ఖాళీ సంచులూ లెక్కపెట్టమనండి. నిండువి, ఖాళీవి కలిపితే దిగిన లెక్క రావాలి. ఖాళీ సంచులు అమ్ముకోవడం కూలీల చిన్న ఆదాయం, దానికి అడ్డుపడొద్దు, లెక్కపెట్టాక ఇచ్చేయండి. బస్తా మీద తయారైన వారం అచ్చేసి ఉంటుంది, మూడు నెలలు దాటింది దించుకోవద్దు. స్టీలు వచ్చినప్పుడు లోడు కాటా వేయించడంతో పాటు ఒక్కో సైజులో నాలుగు రాడ్లు విడిగా తూయండి. 12 ఎంఎం రాడ్ మీటరుకి 0.888 కిలోలు, 12 మీటర్ల రాడ్ 10.66 కిలోలు తూగాలి. మిగతా సైజులకి ఎంఎంని ఎంఎంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. నాలుగైదు శాతం తేడా మామూలే, పది శాతం తక్కువుంటే లోడు వెనక్కి పంపండి, ఆ రాడ్ సన్నది, ఇంజినీరు లెక్క దానికి కాదు.

మీరు నెలకోసారే రాగలిగితే ఆ రాకల్ని స్లాబుల చుట్టూ పెట్టుకోండి. ఒక స్లాబ్ రోజు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఇల్లంతటిలో వెనక్కి తీసుకోలేని పని అదొక్కటే.

ముందురోజు సాయంత్రమే వెళ్లండి. సెంట్రింగ్ రేకుల మీద నడుస్తూ అడుగు కిందికి చూడండి, కింద బాదులు (రేకుల్ని మోసే కర్రలు) ఇటుక ముక్కల మీద నిలబెట్టి ఉంటే తీయించి చెక్క మీద పెట్టించండి. ఐరన్ కింద కవర్ బ్లాకులు (రాడ్లు రేకుకి తగలకుండా ఎత్తి ఉంచే దిమ్మెలు) ఉండాలి, స్లాబ్‌కి 20 ఎంఎం, బీమ్‌కి 25, స్తంభానికి 40. కంకర రాళ్లు దోపి "అదే కవరండీ" అంటారు, ఒప్పుకోవద్దు. పైన వచ్చే ఐరన్‌ని ఎత్తిపట్టుకునే చైర్లు ఉన్నాయో లేదో చూడండి. రింగుల కొసలు లోపలికి 135 డిగ్రీలు వంచి ఉండాలి, 90కి వంచి వదిలేస్తే రాడ్ బెండర్‌కి రోజుకి గంట మిగులుతుంది, అంతే. ఫ్యాన్ బాక్సులు గది మధ్యలో ఉన్నాయా, బాత్రూమ్ పైపులకి రంధ్రాలు వదిలారా. ఇవన్నీ ఫోటోలు తీయండి, పక్కన టేపు పెట్టి.

పొద్దున ఆరింటికి మిల్లర్ తిరగాలి. 1,200 అడుగుల స్లాబ్, ఐదంగుళాల మందం, బీములతో కలిపి 20 క్యూబిక్ మీటర్ల దాకా వస్తుంది, ఎం20 రకం కాంక్రీటుకి 160 బస్తాలు చుట్టుపక్కల. తొమ్మిదింటికి ఎండ ఎక్కుతుంది, జట్టు అలిసిపోతుంది, అప్పుడు నీళ్ల దగ్గర ఉన్న కుర్రాడు డబ్బాతో ఇంకో డబ్బా గుమ్మరిస్తాడు, ఎందుకంటే జారుగా ఉంటే తట్ట తేలిగ్గా ఖాళీ అవుతుంది, సర్దడం తేలిక. చూడ్డానికి అందంగా పాయసంలా పరుచుకుంటుంది, బలం మాత్రం ఆ నీళ్లతోనే పోతుంది. బస్తాకి 25, 27 లీటర్లు చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. నేనైతే ఆ రోజు మొత్తం పైన తిరగను, మిల్లర్ పక్కనే నిలబడి డబ్బాలు లెక్కపెడతాను. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీటు) అయితే నాలుగు లారీలు వస్తాయి, చలానాలో టైము చూడండి, ప్లాంటులో నింపిన రెండు గంటల్లోపు ఖాళీ చేయాలి, దారిలో గట్టిపడిందని పైపుతో నీళ్లు కొట్టబోతే ఆ లారీ వెనక్కి. ప్రతి స్లాబ్‌కీ ఆరు క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు) పోయించి 7 రోజులకి మూడు, 28 రోజులకి మూడు ల్యాబ్‌లో విరగ్గొట్టించండి. క్యూబులు పోస్తున్నారని తెలిస్తేనే మిల్లర్ దగ్గర సగం క్రమశిక్షణ వస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సూపర్‌వైజర్‌గా మూడో ఏట, ఒక ఇంటికి నాలుగడుగుల బాల్కనీ. బాల్కనీకి బలమిచ్చే ఐరన్ పైభాగంలో ఉండాలి, అది గదిలోకి కూడా వెళ్లి కట్టుబడి ఉండాలి. పొద్దున చూసినప్పుడు సరిగ్గానే ఉంది. తట్టలు మోసేవాళ్లు అప్పట్నుంచీ దాని మీదే నడిచారు, చైర్లు వేయించలేదు, ఐరన్ తొక్కుడుకి అడుక్కి దిగిపోయింది, నేను టిఫిన్‌కి వెళ్లిన అరగంటలో దాని మీద కాంక్రీటు పడిపోయింది. జాకీలు (కింద మోతకి నిలబెట్టినవి) తీసిన రోజు గోడ మొదట్లో పైన వెంట్రుకంత బీట కనపడింది. సాయంత్రానికి పెన్సిల్ ములికి దూరేంత అయింది. మళ్లీ జాకీలు పెట్టి, బాల్కనీ మొత్తం కొట్టించి, మళ్లీ పోయించాం, మనుషులకేం కాలేదు. మా మేస్త్రీ గారు నన్ను ఒక్క మాట అనలేదు, కానీ అప్పట్నుంచి బాల్కనీ, సజ్జ కాంక్రీటు అయ్యేదాకా నేను సైట్ దాటి టీకి కూడా వెళ్లను. తొక్కుడు పడకుండా చెక్కలు వేయించండి.

స్లాబ్ పడ్డ మర్నాడే మడులు కట్టి నీళ్లు నిలపాలి. మామూలు ఓపీసీ సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీకి (ఫ్లైయాష్ బూడిద కలిపిన సిమెంటు) 10, మన ఎండల్లో నేను 14 రోజులు పట్టిస్తాను. స్తంభాలకి గోనె సంచులు చుట్టి తడపాలి. స్తంభం నిలువుగా ఉంటుంది కాబట్టి అందరూ మర్చిపోయేది దాన్నే. నాన్నగారికి ఈ ఒక్క పని అప్పగించండి, ఒక మనిషిని నెల జీతానికి పెట్టుకున్నా తప్పులేదు. సెంట్రింగ్ వాళ్లు సామాను ఇంకో సైట్‌కి కావాలని ఐదో రోజే విప్పబోతారు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కి జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14, బీములకి ఆరు మీటర్ల దాకా 14, ఆ పైన 21. ఇది ఐఎస్ 456 చెప్పే కనీసం, అగ్రిమెంటులో రాసేయండి.

గోడలు లేస్తున్నప్పుడు మీరు రానక్కర్లేదు, నాన్నగారు తూకం గుండు (గోడ నిటారుగా ఉందో చూసే తాడు, గుండు) వేయించి చూస్తే చాలు, ఇటుకలు తడిపి పెడుతున్నారో లేదో చూస్తే చాలు. కానీ ప్లాస్టరింగ్‌కి ముందు ఒకసారి తప్పకుండా రండి. కరెంటు పైపులు, నీళ్ల పైపులు గోడల్లో కనపడే ఆఖరి రోజులు అవి. ప్రతి గోడనీ నేల నుంచి, మూల నుంచి టేపు కనపడేలా ఫోటో తీసి గది పేరుతో దాచుకోండి, ఐదేళ్ల తర్వాత గీజర్ దగ్గర మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటో కావాలి. నీళ్ల పైపుల్లో ప్రెజర్ పెట్టి ఒక రాత్రి వదిలి చూడాలి, టైల్స్ అయ్యాక కాదు. స్తంభానికీ గోడకీ మధ్య గీతలో కోడి జాలీ (సన్న ఇనుప వల) కొట్టించాకే ప్లాస్టరింగ్, లేకపోతే సరిగ్గా ఆ గీత మీదే నిలువు బీట వస్తుంది.

టైల్స్, గ్రానైట్ ఎంపిక చివర్లో అనుకుంటారు. ఏది వేస్తారో పునాది దశలోనే తేలాలి, మందం అయినా తేలాలి. గదిలో టైలు, దాని కింద మాల్ (సిమెంటు, ఇసుక ముద్ద) కలిపి రెండంగుళాల పైచిలుకు లేస్తుంది, మెట్ల మీద గ్రానైట్ ఇంకో లెక్క. ఇది చూసుకోకుండా మెట్లు పోస్తే మొదటి మెట్టు నాలుగున్నర అంగుళాలు, చివరి మెట్టు ఎనిమిది అంగుళాలు వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు పడేది ఆ చివరి మెట్టు దగ్గరే. గుమ్మం ఎత్తే రోజు కూడా గడప ఎత్తు దీన్ని బట్టే. ముహూర్తం హడావుడిలో గడప కింద ఇటుక ముక్క దోపి నిలబెట్టేస్తారు, తర్వాత తలుపు టైలుకి రాసుకుంటుంది.

బాత్రూములు రెండూ, మేడ మీద పైకప్పూ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్‌కి ముందు, నీళ్లు నిలగట్టి 48 గంటలు వదలాలి. కింద గదిలో చెమ్మ కనపడకపోతేనే ముందుకి. టైల్ మేస్త్రీ రెండు రోజులు ఆగనంటే వేరే గదిలో పని చేయించండి.

ఇదంతా చూసుకోవడానికి మేస్త్రీతో సంబంధం లేని ఇంజినీరుని విజిట్‌కి ఇంత అని మాట్లాడుకోండి. ఎనిమిది విజిట్లు చాలు: గోతుల అడుగు, ఫుటింగ్ ఐరన్, ప్లింత్ బీమ్, రెండు స్లాబుల ముందురోజులు, ప్లాస్టరింగ్‌కి ముందు, వాటర్‌ప్రూఫింగ్, చివరి చెక్. ఆయన సంతకం పెట్టాకే ఆ దశ డబ్బు. ఇది మేస్త్రీకి మొదటి రోజే చెప్పాలి, మధ్యలో తెస్తే అవమానం అనుకుంటాడు, అనుకోవడంలో తప్పు కూడా లేదు.

గృహప్రవేశం ముహూర్తం ప్లాస్టరింగ్ పూర్తయ్యేదాకా పెట్టించొద్దు. పత్రికలు వేయించాక ఇల్లు ఎవరి మాటా వినదు, తడి గోడల మీద పుట్టీ, పుట్టీ మీద రంగు, రంగు మీద మామిడి తోరణం, సంక్రాంతికల్లా పెచ్చులు. ఇరుకునపడితే కింది అంతస్తు మాత్రం సిద్ధం చేసి పాలు పొంగించుకోండి, పైన పని నడుస్తూ ఉంటుంది. ఆ రోజు మేస్త్రీకి, వడ్రంగికి, రాడ్ బెండర్‌కి బట్టలు పెట్టడం మన వైపు ఆనవాయితీ, అది ఆఖరి 5 శాతంలోంచి కోయకండి. అన్నీ అయ్యాక మిగిలిన టైల్స్ ప్రతి గదివీ ఒక్కో పెట్టె, రంగు డబ్బాల మీది షేడ్ నంబర్ల ఫోటో మెట్ల కింద గదిలో దాచిపెట్టండి, రెండేళ్ల తర్వాత షాపుకి వెళ్తే ఆ షేడ్ ఉండదు.